చినుకు పడని చోట వరద

పాతపట్నం మీదుగా పారే మహేంద్రతనయ సంగతి ఆ ఒడ్డున పుట్టిన వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊళ్లో ఎండ కాస్తుండగానే ఏరు పొంగవచ్చు. వాన కురిసింది ఇక్కడ కాదు, ఎగువన ఒడిశా కొండల్లో. గట్టు కోసుకుపోయిన చోట నిలబడి ఆకాశం వైపు చూస్తే కారణం కనబడదు. ఏటి వెంట పైకి నడవాలి.

కంప్యూటర్లలో కూడా ఇలాంటి వరద ఒకటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, రాయకూడని చోట ఒక్క బైటు పడుతుంది. ఆ క్షణాన ఏమీ కాదు. నిమిషం తర్వాతో, రెండు రోజుల తర్వాతో, దానితో ఏ సంబంధమూ లేని మరో భాగం ఆ బైటును నమ్మి చదువుతుంది, యంత్రం మొత్తం కుప్పకూలుతుంది. కూలిన చోట దొరికేది బాధితుడి శవం మాత్రమే. నేరస్థుడు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. పోనీ మళ్లీ జరిపించి చూద్దామా అంటే అది పిలిస్తే వచ్చేది కాదు. సిస్టమ్స్ ఇంజనీర్లు తమ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైనవాటిలో ఒకటిగా చెప్పుకునేది ఈ రకం బగ్‌నే. యాభై ఏళ్లుగా దీన్ని పట్టుకోవడానికి మనుషులు ఎన్ని ఎత్తులు వేశారో, ఏవి పారాయో, ఏవి ఎదురు తిరిగాయో ఒకసారి చూడటం అవసరం. పాతపట్నం బజారులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, ఆ చెల్లింపును అవతల అందుకునే అనేక సర్వర్లలోనూ నడిచేది ఒకే లైనక్స్ కెర్నెల్ కాబట్టి ఇది ఎక్కడో దూరపు విషయమూ కాదు.

మామూలు ప్రోగ్రామ్‌లకూ కెర్నెల్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. ప్రోగ్రామ్‌ల మధ్య ప్రాసెసరే గోడలు కడుతుంది. ఒక యాప్ హద్దు మీరితే ఆ యాప్ ఒక్కటే చస్తుంది. కెర్నెల్ లోపల ఆ గోడలు లేవు. ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్, వందలాది డ్రైవర్లు అన్నీ గట్లు లేని ఒకే చేనులో సాగు చేసుకుంటున్నట్టు ఉంటాయి. ఎవరి చెక్క ఎంతవరకో కాగితం మీద ఉంటుంది కానీ నాగలిని ఆపేవాడు ఉండడు. హద్దు దాటి పక్కవాడి మెమరీలో రాయడం ఒక రకం తప్పు. అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన మనిషి మారుతాళంతో మళ్లీ లోపలికి వచ్చి, కొత్తగా దిగినవాళ్ల సామాను కదపడం రెండో రకం. విడుదల చేసిన మెమరీని పాత పాయింటర్‌తో వాడటం అంటే అదే. పాత సామాను తీయకుండా, తుడవకుండా ఇల్లు అప్పగించడం మూడోది. ఒకే చోటికి ఇద్దరు ఒకే క్షణంలో చేరడం నాలుగోది. చివరిదైతే అన్నిటికన్నా గడుసుది, ఎందుకంటే ఆ క్షణం అనేది సెకనులో కోట్లవ వంతు.

ఈ బగ్‌ల స్వభావాన్ని గురించి కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే 1985లో టాండెమ్ కంపెనీలో ఉండగా ఒక ప్రసిద్ధ నివేదిక రాశాడు. ఎప్పుడు చూసినా ఉన్నచోటే ఉండే బగ్‌లను ఆయన అణుశాస్త్రజ్ఞుడు బోర్ పేరుతోనూ, చూడబోతే మాయమయ్యే వాటిని హైసెన్‌బర్గ్ పేరుతోనూ వేరు చేశాడు. ఒక ప్రింట్ స్పూలర్ ప్రోగ్రామ్ తప్పుల చిట్టా పరిశీలిస్తే 132 లోపాల్లో ఒక్కటే మొదటి రకం. మిగతావన్నీ మళ్లీ ప్రయత్నిస్తే కనబడనివే. పరీక్షల్లో దొరికేవి ముందే దొరికిపోతాయి, జనం చేతుల్లోకి వెళ్లేవి దొరకనివే అన్నది దీని సారం. నలభై ఏళ్లయినా ఆ మాట పాతబడలేదు.

మొదటి రకం ఎంత పెద్ద దెబ్బ కొట్టినా ఎంత త్వరగా దొరుకుతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక అప్‌డేట్ విండోస్ కెర్నెల్‌లో పనిచేసే దాని డ్రైవర్‌ను పడగొట్టింది. 21 విలువలు ఉంటాయని చదవబోయింది, ఇచ్చినవి 20. ఇరవై ఒకటోదాని కోసం హద్దు దాటి చదివింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలితెర చూపాయి. హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లాల్సిన ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. నష్టం అంతటిదైనా, మన టైము ప్రకారం ఉదయం 9:39కి వెళ్లిన ఫైలును 10:57కల్లా వెనక్కి తీసుకున్నారు. అప్‌డేట్ అందుకున్న ప్రతి యంత్రమూ ఒకే చోట, ఒకే తీరున పడిపోయింది కాబట్టి కారణం వెతకడం కష్టం కాలేదు. యంత్రాలను ఒక్కొక్కటిగా లేపడానికే రోజులు పట్టింది.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే కథ 2021 ఏప్రిల్‌లో జర్మనీలో మొదలైంది. వెబ్ హోస్టింగ్ చేసే సీఎం4ఆల్ సంస్థకు ఒక కస్టమర్ ఫిర్యాదు చేశాడు: డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైలు తెరుచుకోవడం లేదు. అక్కడి ప్రోగ్రామర్ మాక్స్ కెల్లర్‌మన్ చూస్తే ఫైలు బాగానే ఉంది, చివరన ఉండే సరిచూపు సంఖ్య మాత్రం తప్పింది. చేత్తో సరిచేసి ఫిర్యాదు మూసేశాడు. కొన్ని నెలలకు ఇంకొకటి. తర్వాత మరొకటి.

అతను చేసిన మంచి పని ఏమిటంటే క్రాష్ కోసం ఎదురుచూడకుండా లెక్క తీయడం. మూడు నెలల లాగ్‌లు మొత్తం జల్లిస్తే 37 ఫైళ్లు చెడి ఉన్నాయి, అవి 22 రోజుల్లో పరుచుకుని ఉన్నాయి. పద్దెనిమిది రోజుల్లో ఒక్కొక్కటే, మరో రోజు రెండు. కానీ నవంబరు 30న ఏడు, డిసెంబరు 31న ఆరు, జనవరి 31న నాలుగు. మెమరీ చిప్ చెడితే దానికి క్యాలెండర్ తెలియదు. నెలాఖరు రోజునే ఎక్కువ దెబ్బ తగులుతోందంటే వెనుక ఒక పద్ధతి ఉందన్నమాట.

చెడిన ప్రతి ఫైలు చివరా ఎనిమిది బైట్లు ఒకేలా ఉన్నాయి: 50 4బి 01 02 1ఈ 03 14 00. ఇందులో మొదటి రెండిటినీ అక్షరాలుగా చదివితే ‘పీకే’ అని వస్తుంది. జిప్ ఫైలు రూపాన్ని తయారుచేసిన ఫిల్ కట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. ఆ ఎనిమిది బైట్లూ జిప్ ఫైలు చివర వచ్చే విషయసూచిక తల. సర్వర్‌లో నెల మొత్తం లాగ్‌లను కలిపి జిప్‌గా కస్టమర్‌కు పంపే సేవ ఒకటుంది. ఆఖరి రోజు లాగ్ అయిపోగానే అది రాసే తొలి బైట్లు ఇవే. నెలాఖరు రహస్యం అక్కడ విడింది. కానీ చిక్కు కొత్తగా పడింది. ఆ జిప్ సేవకు లాగ్ ఫైళ్లను చదివే హక్కు మాత్రమే ఉంది, రాసే హక్కు లేనే లేదు. రాయగలిగింది ఒక్క కెర్నెల్ మాత్రమే.

సాధారణంగా ఎవరైనా ఇక్కడ ఆగిపోతారు. కెర్నెల్‌ను తప్పుపట్టడానికి గుండె కావాలి. కెల్లర్‌మన్ రెండు చిన్న ప్రోగ్రామ్‌లు రాశాడు. ఒకటి ఫైలులో ‘ఏఏఏఏఏ’ అని రాస్తూ పోతుంది. రెండోది ఆ ఫైలులోని డేటాను, ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పారే కాలువ లాంటి పైప్‌లోకి మళ్లించి, వెనకాలే పైప్‌లో ‘బీబీబీబీబీ’ అని రాస్తుంది. రెండో ప్రోగ్రామ్ ఫైలులో ఏమీ రాయదు. అయినా కాసేపటికి ఫైలులో ‘బీ’లు తేలాయి. ఏడాదిగా ఎప్పుడో ఒకసారి కనబడి మాయమైనది, ఇప్పుడు పిలిచినప్పుడల్లా వస్తోంది.

తీరా కారణం చూస్తే పైప్ బఫర్‌లో ‘ఫ్లాగ్స్’ అనే ఒక గడి. కొత్త బఫర్ ఇచ్చేటప్పుడు దాన్ని తుడవడం మరిచిపోయారు. ఆ మరుపు 2016 నాటి 4.9 కెర్నెల్‌లో దొర్లింది. అప్పట్లో ఆ గడిలో పాత విలువ మిగిలినా ఎవరికీ నష్టం లేదు. 2020లో 5.8 కెర్నెల్‌లో అదే గడికి ‘ఉన్న పేజీలోనే కలిపి రాయవచ్చు’ అనే కొత్త అర్థం చేరింది. దాంతో పాత మురికి ఆయుధమైంది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఏ ఫైలులోనైనా రాయగలిగే దారి తెరుచుకుంది. 2022 ఫిబ్రవరి 20న కెర్నెల్ భద్రతా బృందానికి తెలిపితే, 23న దిద్దుబాటు విడుదలైంది, మార్చి 7న ‘డర్టీ పైప్’ పేరుతో లోకానికి తెలిసింది. దిద్దుబాటుకు మూడు రోజులు, కనిపెట్టడానికి దాదాపు ఏడాది. వాన 2016లో, నీళ్లు 2020లో, గట్టు తెగింది 2021లో.

ఈ కథలో పనికొచ్చే పాఠం ఒకటుంది. పట్టుబడని బగ్‌ను పట్టుకోవడం అంటే దాన్ని మళ్లీ రప్పించడమే. దొరికిన క్రాష్‌ను గంటల తరబడి చూస్తూ ఊహలు పేర్చడం కన్నా, ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు, ఏ విలువతో చెడిందో చిట్టా కట్టడం మేలు. చెడిన బైట్లు చెత్త కాదు, నేరస్థుడి వేలిముద్రలు.

‘మార్పులు సగానికి సగం కోసుకుంటూ పోతే ఏ మార్పు తప్పో తేలుతుంది కదా’ అని ఎవరికైనా తడుతుంది. గిట్ బైసెక్ట్ చేసేది అదే. పదివేల మార్పులున్నా 14 మెట్లలో తేలిపోవాలి. స్థిరంగా వచ్చే బగ్‌కు ఇది రామబాణం. అరుదుగా వచ్చేదానికి మాత్రం లెక్క తిరగబడుతుంది. సగటున రెండు రోజులకోసారి వచ్చే బగ్ అనుకుందాం. ఒక కెర్నెల్ ఆరు రోజులు నిశ్చింతగా నడిచినా, దానిలో ఆ బగ్ ఉండి కూడా బయటపడకపోయే అవకాశం ఇంకా ఐదు శాతం మిగిలే ఉంటుంది. అలా మెట్టుకు ఆరు రోజుల చొప్పున గరిష్ఠంగా 84 రోజులు. ఆ 14 మెట్లలో నిజంగా బగ్ ఉన్నవి ఏడు అనుకుంటే, వాటిలో కనీసం ఒకదాన్ని మంచిదని పొరబడే అవకాశం 30 శాతం. ఒక్కసారి పొరబడితే ఆపై వెతుకులాటంతా తప్పు వీధిలో జరుగుతుంది. మూడు నెలలు కష్టపడి నిరపరాధిని పట్టుకొచ్చినట్టే. అందుకే అనుభవజ్ఞులు బైసెక్ట్ మొదలుపెట్టే ముందు బగ్ వచ్చే వేగాన్ని పెంచే దారి చూస్తారు: మెమరీ తగ్గించడం, పని భారం పెంచడం, ప్రాసెసర్ల మీద పనులను అటూ ఇటూ మార్చడం. రెండు రోజులకోసారి వచ్చేదాన్ని పది నిమిషాలకోసారి వచ్చేలా చేయగలిగితే సగం పని అయినట్టు.

ప్రతి ప్రయత్నానికీ ఒక యంత్రం బలి అయ్యే పరిస్థితి వస్తే? 2008 సెప్టెంబరులో అదే జరిగింది. 2.6.27 కెర్నెల్ ఇంకా తయారీలో ఉండగానే, దాన్ని పరీక్షిస్తున్న వాళ్ల ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు పనిచేయడం మానేశాయి. రీబూట్ చేసినా లేవలేదు. కార్డు తన గుర్తింపును దాచుకునే శాశ్వత మెమరీలోనే రాతలు చెరిగిపోయాయి. సహజంగా అందరి వేళ్లూ ఈ1000ఈ అనే ఆ కార్డు డ్రైవర్ వైపే చూపించాయి. డ్రైవర్‌ను ఎన్నిసార్లు తిరగేసినా తప్పు దొరకలేదు.

నేరస్థుడు వేరే ఇంట్లో ఉన్నాడు. కెర్నెల్ లోపల ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో గమనించడానికి స్టీవెన్ రోస్టెడ్ ఎఫ్‌ట్రేస్ అనే సాధనం తయారుచేశాడు. అది ఫంక్షన్ల మొదట్లో ఉన్న చిన్న కోడ్ ముక్కను అవసరాన్ని బట్టి మార్చి రాస్తుంది. ఏయే చిరునామాల్లో మార్చాలో ఒక జాబితా పెట్టుకుంటుంది. మాడ్యూళ్లలో ఒక్కసారే నడిచి ఆపై విడుదలైపోయే భాగాల చిరునామాలు కూడా ఆ జాబితాలో మిగిలిపోయాయి. 32 బిట్ల యంత్రాల్లో ఆ ఖాళీ అయిన చిరునామాలే ఒక్కోసారి నెట్‌వర్క్ కార్డు శాశ్వత మెమరీకి కేటాయింపు అయ్యేవి. ఎఫ్‌ట్రేస్ జాగ్రత్తగానే ఉంది. ‘అక్కడ ఉన్నది నేననుకున్న కోడే అయితేనే మార్చు’ అని ప్రాసెసర్‌ను అడిగింది. కానీ ఆ ఆదేశం పోలిక కుదరకపోయినా చదివిన విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో ఉన్నదాన్నే మళ్లీ రాస్తే ఏ హానీ లేదు. పరికరాల మెమరీలో రాయడమే ఒక ఆజ్ఞ. కార్డు చనిపోయింది.

అక్టోబరు 9న 2.6.27 విడుదలైనప్పుడు కార్డు మెమరీకి రాత రక్షణ పెట్టారు. కొద్ది రోజుల్లోనే 2.6.27.1లో ఆ రకం ఎఫ్‌ట్రేస్‌ను తాత్కాలికంగా ఆపేశారు. రోస్టెడ్ దాన్ని సరిదిద్ది మరింత పటిష్ఠంగా తీర్చాడు, ఇవాళ అది కెర్నెల్ పరిశోధనకు మొదటి ఆసరా. దొంగను పట్టడానికి పెట్టిన కావలివాడే తెలియక చేసిన నష్టం ఇది. ఆ సంగతి దాచకుండా బాహాటంగా ఒప్పుకుని సరిచేసినందుకు కెర్నెల్ డెవలపర్ల సముదాయాన్ని మెచ్చుకోవాలి.

ఇక సాధనాల విషయానికి వస్తే, అన్నిటిలో పాతది, ఇప్పటికీ పనికొచ్చేది విషం పూయడం. ఇంజనీర్లు ‘పాయిజనింగ్’ అనే అంటారు. విడుదలైన ప్రతి మెమరీ ముక్కనూ లైనక్స్ డీబగ్ పద్ధతిలో 6బి అనే బైటుతో నింపి, చివర ఏ5 అని ముగిస్తుంది. 6బిని అక్షరంగా చూస్తే ఆంగ్లంలో ‘కె’. కూలినప్పటి మెమరీ నకలైన డంప్ తెరిచినప్పుడు తెర నిండా ‘కెకెకెకె’ అని కనబడితే, విడుదలైనదాన్ని ఎవరో వాడుతున్నారని అర్థం. ఇంకాస్త దగ్గరగా చూద్దాం. క్రాష్ అయిన చిరునామా చివర 83 ఉండి, ముందంతా వరుసగా 6బిలే ఉన్నాయనుకోండి. 83 లోంచి 6బిని తీసేస్తే పదహారు ఆధారంగా లెక్కిస్తే 18, అంటే మన లెక్కలో 24. ఖాళీ అయిన ముక్కలోంచి పాయింటర్‌ను తీసుకుని, దానినుంచి ఇరవైనాలుగో బైటు దగ్గర ఉన్న గడిని చదవబోయారన్నమాట. ఏ నిర్మాణంలో ఇరవైనాలుగో బైటు దగ్గర ఏ గడి ఉందో వెతికితే అనుమానితుల జాబితా వేల నుంచి పదుల్లోకి దిగుతుంది.

6బి ఉండాల్సిన చోట 6ఏ ఉంటే మరో కథ. రెంటికీ తేడా ఒక్క బిట్టే. ఒకే ఒక్క బిట్టు తిరగబడితే సాఫ్ట్‌వేర్ కన్నా మెమరీ చిప్ మీద అనుమానం పడాలి. కెర్నెల్‌లో మెమరీ కేటాయించే పాత స్లాబ్ కోడ్ ఆ సందర్భంలో ‘బహుశా ర్యామ్ చెడింది’ అని తానే సందేశం ఇచ్చేది. ఇది వట్టి సాకు కాదు. గూగుల్ సర్వర్ల మీద బియాంకా ష్రోడర్ బృందం 2009లో వెలువరించిన అధ్యయనంలో ఏడాదిలో ఎనిమిది శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లు కనీసం ఒక తప్పు చేశాయని తేలింది. అయితే పరిశోధకులు ఎక్కువగా జారిపడేదీ ఇక్కడే. దొరకని ప్రతి బగ్‌నూ ర్యామ్ మీదికి నెట్టేస్తే మనసుకు హాయిగా ఉంటుంది. చెడినవి వరుసగా ఎనిమిది బైట్లై, వాటికి ఒక అర్థం కూడా ఉంటే అది చిప్ పని కాదు.

యంత్రం కూలినప్పుడు సాక్ష్యం మిగలాలి కదా. కూలిన కెర్నెల్‌నే ‘నీ మెమరీని డిస్క్‌లో రాయి’ అని నమ్మలేం, రాసే కోడే చెడి ఉండవచ్చు. కేడంప్ దీనికి చక్కని ఉపాయం. ముందుగానే ఒక మూల మెమరీ విడిచిపెట్టి, అందులో రెండో కెర్నెల్‌ను నిద్రపుచ్చి ఉంచుతారు. మొదటిది పడగానే రెండోది లేచి, చచ్చినదాని మెమరీని భద్రంగా తీసి దాస్తుంది. ఒక కెర్నెల్ నుంచి నేరుగా మరో కెర్నెల్‌ను లేపే ఎరిక్ బీడర్‌మన్ కెక్సెక్ మీద ఐబీఎం ఇండియాకు చెందిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ తదితరులు దీన్ని కట్టారు. 2005లో 2.6.13తో కెర్నెల్‌లో చేరింది.

ఈ రంగంలో మన దేశపు చెయ్యి ఎంత ఉందో మనవాళ్లకే అంతగా తెలియదు. నడుస్తున్న కెర్నెల్‌ను ఆపకుండా, ఏ ఆదేశం దగ్గరైనా చెవి ఒగ్గి వినే కేప్రోబ్స్ ఫైలు తెరిస్తే, తలభాగంలోనే ఉంటుంది: 2002 అక్టోబరులో దీన్ని మొదట రాసినది ఐబీఎం ఇండియా ఇంజనీర్ వంశీకృష్ణ ఎస్. ఆ తర్వాత ప్రసన్న పంచముఖి, సుపర్ణ భట్టాచార్య దాన్ని పెంచారు. 2004లో 2.6.9తో ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది. ఇదే పనిని మామూలు ప్రోగ్రామ్‌లకు చేసే యూప్రోబ్స్ రచయితలుగా శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ పేర్లున్నాయి. ద్రోణంరాజు అనే ఇంటిపేరు విశాఖ చుట్టుపక్కల వాళ్లకు కొత్తది కాదు. ఇవాళ ప్రపంచంలో పెద్ద సర్వర్ క్షేత్రాలను గమనించే ఈబీపీఎఫ్ సాధనాలు చాలావరకు ఈ పునాదుల మీదే నిలిచాయి.

మెమరీ బగ్‌లకు మరింత సూటిగా పనికొచ్చే ఇంకో రచనలోనూ ఐబీఎం పేరుంది. ఎక్స్86 ప్రాసెసర్‌లో నాలుగు డీబగ్ రిజిస్టర్లుంటాయి. వాటిలో ఒక చిరునామా పెట్టి ‘ఇక్కడ ఎవరు రాసినా నన్ను లేపు’ అని చెప్పవచ్చు. కెర్నెల్ లోపలి నుంచే వీటిని పద్ధతిగా వాడుకునే ఏర్పాటుకు అలన్ స్టెర్న్, ఫ్రెడరిక్ వైస్‌బెకర్‌లతో పాటు ఐబీఎంకు చెందిన కె. ప్రసాద్ రచయిత. ప్రతిసారీ ఒకే చిరునామా చెడే బగ్‌కు ఇంతకుమించిన మందు లేదు, రాసే చెయ్యి రాస్తుండగానే దొరుకుతుంది. కానీ నాలుగు రిజిస్టర్లు కలిపి కాపలా కాసేది 32 బైట్లు. చెడే చోటు ప్రతిసారీ మారుతుంటే ఇవి ఏం చేస్తాయి?

ఆ ప్రశ్నకు అసలైన జవాబు 2015లో వచ్చింది. ఆండ్రే ర్యాబినిన్ తెచ్చిన కేసాన్ 4.0 కెర్నెల్‌లో చేరింది. ప్రతి ఎనిమిది బైట్లకూ ఒక నీడ బైటు పెట్టి, కంపైలర్ సాయంతో ప్రతి చదువుకూ రాతకూ ముందు ఆ నీడను సరిచూస్తుంది. గట్లు లేని చేనులో గట్లు వేసినట్టు. విడుదలైన ముక్కలను వెంటనే మళ్లీ ఇచ్చెయ్యకుండా కొంతకాలం క్వారంటైన్‌లో ఉంచుతుంది. దీంతో తప్పు జరిగిన క్షణానే, తప్పు చేసిన లైను దగ్గరే పట్టుబడుతుంది. ఆ ముక్కను ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలారు అనే చిట్టాతో సహా. డిమిత్రీ వ్యూకోవ్ మొదలుపెట్టిన సిజ్‌కాలర్, తోచిన సిస్టమ్ కాల్స్‌ను తోచిన వరుసలో కురిపించి కెర్నెల్‌ను రెచ్చగొడుతుంది. ఈ రెండూ కలిశాక కెర్నెల్ బగ్‌ల వేట తీరే మారిపోయింది. తొంభైల్లో నెలలు పట్టిన పని ఒక పూటలో తేలుతోంది.

అయితే కేసాన్ ఉన్న కెర్నెల్ రెండు మూడు రెట్లు నెమ్మదిస్తుంది, ఎనిమిదో వంతు మెమరీ నీడకే పోతుంది. బ్యాంకు సర్వర్‌లో అది పెట్టలేరు. పైగా ఆ నెమ్మదనమే కొన్ని బగ్‌లను దాచేస్తుంది. 2021లో 5.12తో వచ్చిన కేఫెన్స్ మధ్యేమార్గం. అన్ని కేటాయింపులనూ కాకుండా, వంద మిల్లీసెకన్లకు ఒకదాన్ని మాత్రం పట్టి, అటూ ఇటూ కాపలా పేజీలున్న ప్రత్యేక గదిలో పెడుతుంది. గదులు 255. మొత్తం ఖర్చు 2 మెగాబైట్లు. ఒక్క యంత్రంలో ఇది బగ్‌ను పట్టడం లాటరీయే, కానీ లక్ష యంత్రాల్లో నిరంతరం నడిస్తే ఆ లాటరీ ఏదో ఒకరోజు తగిలి తీరుతుంది. జనం వాడే చోటే అరుదైన బగ్‌లు బయటపడతాయని గ్రే చెప్పినదానికి ఇన్నాళ్లకు దొరికిన సరైన సమాధానం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వీటికీ చూపు ఆనని చోట్లున్నాయి. నెట్‌వర్క్ కార్డు వంటి పరికరం ప్రాసెసర్‌ను అడగకుండా నేరుగా మెమరీలో రాస్తే కేసాన్‌కు తెలియదు, దాన్ని ఆపడానికి ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ గేటు ఉండాలి. ఇక నెమ్మదనం సంగతికి వస్తే, ఆర్మ్ ప్రాసెసర్లలో ప్రతి 16 బైట్లకూ నాలుగు బిట్ల చీటీ అంటించి, పాయింటర్ చీటీతో పోల్చే పద్ధతి వచ్చింది. 2023లో పిక్సెల్ 8తో ఫోన్లలోకి దిగింది. చీటీలు పదహారే కాబట్టి అప్పుడప్పుడు తప్పు జత కూడా కుదిరిపోతుంది, కానీ భారం చాలా తక్కువ.

మూలంలోనే తెగులు కత్తిరించాలనే వాదం రస్ట్ భాషది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 నుంచి లైనక్స్‌లో దానికి చోటుంది. రస్ట్ అన్నీ నయం చేస్తుందనడం ఎంత అతిశయోక్తో, దాంతో పనిలేదనడం అంత మొండితనం. డర్టీ పైప్‌నే తీసుకుంటే, ఒక గడిని నింపకుండా బఫర్ తయారుచేస్తానంటే రస్ట్ కంపైలర్ ఒప్పుకోదు, ఆ మరుపు 2016లోనే ఆగిపోయే అవకాశం ఉండేది. ఈ1000ఈ వ్యవహారంలో మాత్రం అది ఏమీ చేయలేకపోయేది. నడుస్తున్న కోడ్‌ను చిరునామా పట్టుకుని తిరగరాయడం ఏ భాషలోనైనా కంపైలర్ చూపు దాటిన పని. పైగా కోట్ల లైన్ల సీ కోడ్ ఇప్పటికే నడుస్తోంది. ఇవాళ రెండో తరగతి చదివే పిల్లలు ఇంజనీర్లయ్యేనాటికి కూడా అది ఉంటుంది, దానికి డాక్టర్లు కావాలి.

ఆ డాక్టర్లు మన కాలేజీల నుంచి రావచ్చు. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, రాజాంలో, విజయనగరంలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో పేజీ రీప్లేస్‌మెంట్ లెక్కలు అందరూ చేస్తారు. కెర్నెల్ పడిపోయినప్పుడు వచ్చే ఊప్స్ సందేశాన్ని పై నుంచి కిందికి చదవడం కూడా ఒక ప్రయోగంగా పెట్టాలి. దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఒక మామూలు ల్యాప్‌టాప్, యంత్రంలో యంత్రాన్ని నడిపే క్యూఈఎంయూ, కేసాన్ ఆన్ చేసి కంపైల్ చేసిన కెర్నెల్ చాలు. కావాలని తప్పులు చేసే పరీక్షా మాడ్యూల్ కేసాన్‌తోనే వస్తుంది. విద్యార్థులారా, వచ్చే సెలవుల్లో దాన్ని ఒకసారి నడపండి. తెర మీద వచ్చే రిపోర్టులో ఎవరు కేటాయించారు, ఎవరు విడుదల చేశారు, ఆ తర్వాత ఎవరు తాకారు అనే మూడు చిట్టాలుంటాయి. వాటిని తాకిన చోటు నుంచి వెనక్కి, ఏటికి ఎదురు నడిచినట్టు చదవండి.